కిట్లు సరే, జవాబు ఎవరిస్తారు?



ఏజెన్సీలో పోలీసులు మారిపోయారని ఈమధ్య చాలామంది అంటున్నారు. వాలీబాల్ కిట్లు ఇస్తున్నారు. దుప్పట్లు పంచుతున్నారు. మెడికల్ క్యాంపులు, జాబ్ మేళాలు పెడుతున్నారు. ఫోన్లోనే ఫిర్యాదు చేసుకోవచ్చంటున్నారు. ఇవన్నీ చెడ్డవని నేను అనడం లేదు. మేళాలో ఉద్యోగం వస్తే తీసుకోండి, అది మీ హక్కే.

కానీ ఒక్క ప్రశ్న వేసుకోండి. తప్పు చేసింది పోలీసే అయితే ఎవరికి చెప్పుకోవాలి? ఆ ఫిర్యాదును విచారించేది ఎవరు? దీనికి జవాబు దొరికేదాకా ఎన్ని కిట్లు పంచినా దాన్ని సంస్కరణ అనలేం. ప్రచారం అనాలి.

వాకపల్లిని ఒకసారి గుర్తుచేసుకుందాం. మీలో చాలామంది అప్పటికి చిన్నపిల్లలు, కొందరు పుట్టి కూడా ఉండరు. 2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీ జి.మాడుగుల మండలంలోని ఆ ఊరికి గ్రేహౌండ్స్ పోలీసులు కూంబింగ్‌కి వచ్చారు. వాళ్లు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు ఆడవాళ్లు చెప్పారు. భయపడి ఇంట్లో కూర్చోలేదు, కొండ దిగొచ్చి చెప్పారు. చివరికి 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు విచారణ ఎదుర్కొన్న 13 మందినీ నిర్దోషులుగా వదిలేసింది. దాదాపు పదహారేళ్లు పట్టింది.

అయితే అదే తీర్పులో ఇంకో రెండు మాటలున్నాయి. దర్యాప్తు సక్రమంగా చేయని అధికారి మీద చర్యకు కోర్టు సిఫారసు చేసింది. బాధితులకు పరిహారం ఇవ్వమంది. ఈ మూడూ కలిపి చదవండి. ఆ ఆడవాళ్ల మాట అబద్ధమైతే పరిహారం ఎందుకు? మాట నిలబడింది, దర్యాప్తు నిలబడలేదు. కంచే చేను మేసిందని ఫిర్యాదు చేస్తే, విచారణ కూడా కంచెకే అప్పగించారు. ఇంక న్యాయం ఎక్కడినుంచి వస్తుంది?

ఇది ఒక్క మన కొండల కథ కాదు. 1972లో మహారాష్ట్రలో, ఇప్పటి గడ్చిరోలి జిల్లాలోని దేశాయిగంజ్ స్టేషన్లో మథుర అనే ఆదివాసీ అమ్మాయిపై ఇద్దరు పోలీసులు అత్యాచారం చేశారన్న కేసు నడిచింది. హైకోర్టు శిక్ష వేసింది. సుప్రీంకోర్టు కొట్టేసింది, ఒంటి మీద గాయాలు లేవని, ప్రతిఘటించినట్టు లేదని. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ఆ తీర్పును తప్పుపడుతూ బహిరంగ లేఖ రాశారు. మహిళా సంఘాలు రోడ్డెక్కాయి. 1983లో చట్టం మారింది. కస్టడీలో జరిగే అత్యాచారాన్ని ప్రత్యేక నేరంగా చూడడం అప్పుడే మొదలైంది. అలాంటి కేసులో నేను ఒప్పుకోలేదని బాధితురాలు చెబితే కోర్టు దాన్ని నిజమనే తీసుకోవాలి, కాదని రుజువు చేసుకోవాల్సింది నిందితుడే. దేశంలోని ఆడవాళ్లందరికీ ఈ రక్షణ ఒక ఆదివాసీ అమ్మాయి కేసు నుంచి వచ్చింది. దీన్ని మనం గర్వంగా చెప్పుకోవాలి.

మరి పోలీసు వ్యవస్థ సంగతేంటి? మనల్ని పాలిస్తున్న పోలీసు పద్ధతికి పునాది 1861 నాటి పోలీసు చట్టం. 1857 తిరుగుబాటు తర్వాత తెల్లవాడు జనాన్ని అణచడానికి రాసుకున్నది. పదేళ్లకే, 1871లో, నేరస్థ జాతుల చట్టం తెచ్చి కొన్ని జాతుల్లో పుట్టడమే నేరమన్నాడు. తెల్లవాడు పోయాడు, ఆ చూపు మాత్రం స్టేషన్లోనే ఉండిపోయింది.

దీన్ని మార్చమని ప్రకాశ్ సింగ్ అనే మాజీ డీజీపీయే కోర్టుకెళ్లాడు. 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు ఏడు ఆదేశాలిచ్చింది. అందులో రెండు మనకు ప్రాణం లాంటివి. ఒకటి, బందోబస్తు చేసే పోలీసు వేరు, దర్యాప్తు చేసే పోలీసు వేరుగా ఉండాలి. రెండోది, పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి రాష్ట్రంలోనూ ప్రతి జిల్లాలోనూ పోలీసు కంప్లైంట్స్ అథారిటీ పెట్టాలి. రాష్ట్రంలో రిటైరైన హైకోర్టు లేదా సుప్రీంకోర్టు జడ్జి, జిల్లాలో రిటైరైన జిల్లా జడ్జి దానికి పెద్దగా ఉండాలి. కస్టడీ చావులు, తీవ్రమైన దెబ్బలు, అత్యాచారాలు అక్కడ విచారించాలి.

వాకపల్లి జరిగింది ఈ తీర్పు వచ్చి ఏడాది కూడా నిండకముందే. అలాంటి అథారిటీ ఒకటి ఆ రోజు పాడేరులో పనిచేస్తూ ఉంటే, ఆ 11 మంది ముందుగా నిలబడేది పోలీసు ముందు కాదు, ఒక జడ్జి ముందు. ఇప్పుడు మీరు చెప్పండి. మీ జిల్లాలో ఆ అథారిటీ ఆఫీసు ఎక్కడుందో తెలుసా? దాని ఛైర్మన్ ఎవరో తెలుసా? పాడేరులో, సీతంపేటలో, ఉట్నూరులో, భద్రాచలంలో ఎవరినైనా అడిగి చూడండి.

కెమెరాల సంగతీ అంతే. రోడ్డు మీద, సంతలో కెమెరా పెట్టి మనల్ని చూస్తున్నారు. కానీ 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు కెమెరాలు పెట్టమన్నది స్టేషన్ లోపల. లాకప్, వరండా, గేటు, అన్నిచోట్లా. చీకట్లో కూడా కనబడాలి, మాట కూడా వినబడాలి. రికార్డును 18 నెలలు దాచాలి, కుదరకపోతే కనీసం ఏడాది. అయినా 2025 సెప్టెంబరులో స్టేషన్లలో పనిచేసే కెమెరాలు లేవన్న విషయాన్ని అదే కోర్టు తనంతట తాను మళ్లీ చేపట్టాల్సి వచ్చింది. ఊరిని చూసే కన్ను బాగా పనిచేస్తుంది, స్టేషన్‌ని చూడాల్సిన కన్నే మూసుకుంటుంది.

ఇంకొకటి భాష. మన పెద్దవాళ్లు కువి, గోండి, కోయ, సవరలో చెప్పేది స్టేషన్లో ఎవరో తెలుగులోకి మార్చి రాస్తారు. ఏం రాశారో తెలియకుండానే వేలిముద్ర పడుతుంది. 2025 నవంబరులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ఏ కేసైనా సరే, ఎందుకు అరెస్టు చేస్తున్నారో రాతపూర్వకంగా, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. మన భాష వచ్చినవాళ్లు స్టేషన్లో ఉండాలని అడగడానికి ఇంతకంటే బలం ఏం కావాలి?

“పోలీసుల్లో మనవాళ్లూ ఉన్నారు కదా” అని కొందరంటారు. ఉన్నారు. రాత్రీ పగలూ డ్యూటీలు చేసే ఆ తమ్ముళ్ల కష్టమూ మనదే. కానీ యూనిఫాం వేసుకున్నవాడు మనవాడైతే చాలదు. ఛత్తీస్‌గఢ్‌లో ఐదో తరగతి చదివిన ఆదివాసీ పిల్లలకు నెలకు 3,000 రూపాయలిచ్చి, తుపాకీ పట్టించి, ఎస్పీఓలని పేరు పెట్టి సాటి ఆదివాసుల మీదికే పంపారు. అది రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తేల్చింది. మనవాళ్లను ముందు నిలబెట్టడం సంస్కరణ కాదు. పైనున్నవాడు కూడా జవాబు చెప్పేలా చేయడం సంస్కరణ.

మరి మనం ఇప్పుడు ఏం చేయాలి?

ఫోన్లో ఇవి రాసి పెట్టుకోండి. ఏ స్టేషన్‌కైనా వెళ్లి ఫిర్యాదు ఇవ్వొచ్చు, మా పరిధి కాదని తిప్పి పంపకూడదు. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లండి. అరెస్టు చేస్తే ఇంట్లోవాళ్లకు చెప్పాలి, లాయర్‌ని కలవనివ్వాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసయితే దర్యాప్తు చేసేది డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి అయి ఉండాలి.

తర్వాత, ప్రతి మండలం నుంచి ఒక్కరైనా సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మూడే ప్రశ్నలు. మా జిల్లా కంప్లైంట్స్ అథారిటీ ఎక్కడ, ఎవరు? మా స్టేషన్లో ఎన్ని కెమెరాలున్నాయి, ఎన్ని పనిచేస్తున్నాయి? మా భాష వచ్చినవాళ్లు స్టేషన్లో ఎంతమంది? వచ్చిన జవాబును గ్రామసభలో చదివి వినిపించండి. జవాబు రాకపోతే రాలేదన్న సంగతీ చదవండి.

2026 మార్చి 31 కల్లా మావోయిస్టులు ఉండరని కేంద్రం గడువు పెట్టుకుంది. అడవిలో యుద్ధం ఉందనే సాకుతో ఇన్నేళ్లూ మన ఊళ్లని క్యాంపుల్లా చూశారు. ఆ సాకు పోయాక మన మధ్య మిగలాల్సింది క్యాంపు కాదు, మామూలు పోలీస్ స్టేషన్. మన అమ్మ ఒంటరిగా వెళ్లి, తన భాషలో ఫిర్యాదు చెప్పి, కాపీ చేతిలో పట్టుకుని ఇంటికి తిరిగి రాగలిగే స్టేషన్. అది వచ్చేదాకా అడుగుతూనే ఉందాం.

జై ఆదివాసీ!