కాదన్నప్పుడూ చీటీ ఇవ్వాలి

రేషన్ స్టోరులో ఈ-పాస్ మిషన్ మీద వేలు పెట్టి ముద్ర పడితే వెంటనే చీటీ బయటికొస్తుంది. కార్డు నంబరు, తేదీ, ఇచ్చిన సరుకు అన్నీ అందులో ఉంటాయి. ముద్ర పడకపోతే కాగితం ముక్క కూడా రాదు. డీలరు వేలు తుడుచుకోమంటాడు, బొటనవేలు కాకపోతే చూపుడువేలు పెట్టమంటాడు, చెయ్యి మార్చమంటాడు, ఆఖరికి ‘సర్వర్ మొరాయిస్తాంది, రేప్పొద్దున రా అవ్వా’ అని పంపేస్తాడు. ఆ అవ్వ స్టోరుకు వచ్చిందనీ, బియ్యం అడిగిందనీ, ఒట్టి సంచితో తిరిగిపోయిందనీ చెప్పడానికి ఆమె చేతిలో ఆధారమేమీ ఉండదు. ఇంటర్నెట్, మానవ హక్కులు అనగానే మనకు నిఘా, నెట్ నిలిపివేత గుర్తొస్తాయి. అవి చిన్న విషయాలని కాదు. కానీ కడప జిల్లా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో పేదవాళ్లకు డిజిటల్ వ్యవస్థతో నెలనెలా పని పడేది ఈ మిషన్ దగ్గరే. మిషన్ ఉండటాన్ని నేను తప్పుపట్టను. అది కాదన్నప్పుడు జవాబు చెప్పే మనిషి లేకపోవడమే నా అభ్యంతరం.

ముద్రలు ఎందుకు పడవో ఇక్కడి పనులు చూస్తేనే తెలుస్తుంది. జమ్మలమడుగు నల్లరేగడిలో శనగ పీకే కూలీల చేతులకు ఆకు మీద ఊరే పులుసు తగిలి చర్మం మండుతుంది, పీకేకొద్దీ వేళ్లు చిట్లుతాయి. ఎర్రగుంట్ల వైపు నాపరాయి గనుల్లో, పాలిష్ యూనిట్లలో రాతిపొడీ నీళ్లూ కలిసి వేలికొనలను అరగదీస్తాయి. పులివెందుల చీనీ, అరటి తోటల్లో కూలికి పోయేవాళ్లకూ, ప్రొద్దుటూరులో జీవితమంతా మగ్గం నేసినవాళ్లకూ వయసు కూడా తోడవుతుంది. ఆఫీసు బల్ల దగ్గర కూర్చునే వేలి ముద్ర బ్రహ్మాండంగా పడుతుంది గానీ, ఆ వేలు స్టోరు బియ్యానికి రాదు.

అలాగని మిషన్ వల్ల మేలే జరగలేదంటే అబద్ధమాడినట్టే. ఆ మేలుకు సాక్ష్యం కడప జిల్లాలోనే ఉంది. 2010-12 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలి, పింఛన్లు వేలిముద్ర స్మార్ట్‌కార్డుతో చెల్లించడం విస్తరించినప్పుడు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు ఎనిమిది జిల్లాల్లో ఆ ఫలితాలను పరీక్షించారు. వాటిలో కడప ఒకటి. కార్డులు ముందుగా వచ్చిన మండలాల్లో కూలి త్వరగా అందింది, మధ్యలో మింగేసేది దాదాపు 40 శాతం తగ్గింది, పేదలకు పథకం దూరమైన దాఖలా కనబడలేదు. తర్వాత జార్ఖండ్‌లో రేషన్‌కు ఆధార్ ముద్ర పెట్టినప్పుడు ఏమైందో కూడా ఈ ముగ్గురే చూశారు. అక్కడ ముద్ర పెట్టినంత మాత్రాన అక్రమాలు తగ్గలేదు. పైగా కార్డుకు ముందే ఆధార్ జోడించుకోని కుటుంబాలకు అందే సరుకుల విలువ సగటున 10 శాతం పడిపోయింది. రెండుచోట్లా అడిగింది వేలిముద్రే. ఆంధ్రలో మాత్రం ముద్ర పడనివారికీ, కార్డు రానివారికీ వేరే దారిలో డబ్బు చేతికిచ్చే వెసులుబాటు వదిలిపెట్టారు. ఫలితాలు అంత వేరుగా రావడానికి అదొక ముఖ్య కారణమని నేననుకుంటాను. ప్రభుత్వాలు చెప్పే ‘ఆదా’ లెక్కలు చదివేటప్పుడు ఇది మరవకూడదు. బోగస్ కార్డు తీసేస్తే ఆగిన బియ్యం, నిజమైన మనిషికి ముద్ర పడక ఆగిన బియ్యం, రెండూ ఒకే మిగులు ఖాతాలో పడతాయి.

వెసులుబాటు ఇస్తే డీలర్లు మళ్లీ పాత దందా మొదలెడతారన్నది బలమైన అభ్యంతరమే. నిజమే, స్టోరు బియ్యం లారీలకెక్కిన కథలు ఈ జిల్లాకు కొత్తవి కావు. కానీ ముద్ర లేకుండా ఇచ్చిన ప్రతిసారీ ఎవరు అనుమతించారో మిషన్‌లోనే నమోదవుతుంది కదా. పక్క స్టోరులో నెలకు నలుగురికి అలా ఇస్తుంటే ఒక స్టోరులో నలభై మందికి ఇచ్చారంటే తహసీల్దారుకు తెలిసిపోదా? ఈ ఏర్పాటు ఇప్పటికే ఉంది కదా, వీఆర్వో వచ్చి తన ముద్ర వేసి సరుకు ఇప్పించే పద్ధతి మొదటినుంచీ ఉంది కదా అనేవారూ ఉన్నారు. ఉందని తెలిసి, గట్టిగా అడగగలిగినవాళ్లకు అది ఉంది. తెలియనివాళ్లకు అది డీలరు దయ. వేలికి బదులు ముఖం చూపిస్తే సరిపోతుందన్న వాదన ఈమధ్య బాగా వినబడుతోంది. కెమెరా ముందు కళ్లార్పి చూపమనే ఈ-కేవైసీ చూపు లేనివారికీ, యాసిడ్ దాడికి గురైనవారికీ ఎలా అడ్డుపడుతోందో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు విని, డిజిటల్ సేవలు అందుకోగలగడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. మిషన్ మార్చినంత మాత్రాన అది కాదనడం ఆగదు. ఎవరిని కాదంటుందో మారుతుంది, అంతే.

2018 సెప్టెంబరు 26న ఆధార్‌ను సమర్థించిన సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు కూడా, ముద్ర పడలేదని అర్హులకు సాయం ఆపకూడదనే చెప్పింది. ఆ మాట స్టోరు దాకా దిగిరావాలంటే కాగితం కావాలి. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో చిన్న కమ్మలు కుదవపెట్టినా చీటీ రాసిస్తారు. సర్కారు మిషన్ మనిషి నెల తిండిని ఆపి చీటీ ఇవ్వదు. 2005 ఉపాధి హామీ చట్టం రాసినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. పని అడిగినవారికి తేదీ వేసిన రసీదు ఇవ్వాలని, 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి చెల్లించాలని అందులో పెట్టారు. రసీదు లేకపోతే ఆ పదిహేను రోజులు ఎప్పుడు మొదలైనట్టు? 2013 ఆహార భద్రతా చట్టం కూడా సరుకు ఇవ్వనప్పుడు భృతి ఇవ్వాలంటోంది. ఇవ్వలేదని రుజువు చేసే బాధ్యత మాత్రం ఒట్టి చేతులతో వెళ్లినవాళ్ల నెత్తినే పడింది.

కావలసిన మార్పు పెద్దదేమీ కాదు. ప్రింటరు మిషన్‌లోనే ఉంది, విఫలమైన ముద్ర లెక్క సర్వర్‌లోనూ చేరుతుంది. రెండోసారి ముద్ర పడకపోతే తేదీ, కారణం, ఎవరిని కలవాలో ఆ ఉద్యోగి హోదా, ఎన్ని రోజుల్లో సరుకు ఇవ్వాలో తెలుగులో అచ్చయి రావాలి. ఉపాధి పనుల్లో సామాజిక తనిఖీ జరిగినట్టే, ఆ చీటీల లెక్కను నెలకోసారి ఊరి సచివాలయం గోడమీద అంటించాలి. జమ్మలమడుగు మండలంలో శనగ పీకే రోజుల్లో ముద్రలు ఎక్కువగా తప్పుతున్నాయా, ఎర్రగుంట్లలో ఏడాది పొడుగునా తప్పుతున్నాయా అన్నది అప్పుడు అంకెల్లో తేలుతుంది.