రోగి గుట్టుకు కాపలా ఎవరు?

నరసరావుపేటలోనో మాచర్లలోనో ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడిన మన తల్లులు ఆధార్, ఫోన్ నంబర్లు చెప్పి ముందుకు కదులుతారు. ఆ వివరాలు ఎక్కడికి చేరుతాయో వారికి ఎవరూ చెప్పరు.

సమాచార చౌర్యమనగానే 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లను స్తంభింపజేసిన సైబర్ దాడి గుర్తుకొస్తుంది. వైద్యులు రోజుల తరబడి కాగితం, కలంతోనే పని నడిపారు. మన రాష్ట్రంలోనైతే తాళం పగలగొట్టవలసిన అవసరమే రాలేదు. 2018లో అన్న సంజీవని దుకాణాలలో మందులు కొన్నవారి పేర్లు, ఫోన్ నంబర్లు ప్రభుత్వ వెబ్‌సైటులోనే బహిరంగంగా కనిపించాయి. అదే ఏడాది గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లబ్ధిదారులను మతం, కులం వారీగా వెదికే వీలుండేది! ఇటువంటి రెండు జాబితాలు ఒకే చేతిలో పడితే ఏ వీధిలో ఏ మతస్థునికి ఏ జబ్బో తెలిసిపోతుంది. మన భయం ఊహాజనితం కాదు.

2011 నాటి నిబంధనలు వైద్య వివరాలను సున్నిత సమాచారంగా ప్రత్యేకించాయి. 2023 నాటి డేటా రక్షణ చట్టంలో ఆ ప్రత్యేకత లేదు. అయితే సమ్మతి కోరే నోటీసును తెలుగులో గాని ఉర్దూలో గాని చదువుకునే వీలు అందులో ఉంది. అభా సంఖ్య తీసుకోవడం కూడా స్వచ్ఛందమే. ఈ రెండు మాటలనూ గురజాల మొదలు నరసరావుపేట వరకు ప్రతి ఆసుపత్రి కౌంటరు వద్ద రెండు భాషలలోనూ రాయించాలని జిల్లా కలెక్టరును కోరుదాం. అంతవరకు పరీక్షల నివేదికల కాగితపు ప్రతులను అడిగి తీసుకుని, ఇంట్లో భద్రపరచుకోండి.