తలుపు వేయని యిండ్లు

2017 సంవత్సరము మే నెల 12 వ తేదీని వన్నాక్రై యను కంప్యూటరు పురుగు లోకముమీద పడినది. కొలది దినములలోనే సుమారు 150 దేశములందు రెండు లక్షలకు పైబడిన యంత్రములు దాని వాత బడినవి. మరునాటికే అది మన రాష్ట్రమునకును వచ్చినది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాలలోని 18 పోలీసు విభాగముల కంప్యూటర్లు దానికి చిక్కినవని నాటి పత్రికలు ప్రకటించినవి. కన్నపు దొంగలను పట్టుకొనవలసిన ఠాణాకే కన్నము పడినది! లోపలనున్న పత్రములన్నిటికిని దొంగ తన తాళము వేసి, మూడు వందల డాలర్ల విలువగల బిట్‌కాయిన్ చెల్లించిననే గాని తెరువనని తెరమీద వ్రాసిపెట్టినాడు. మూడు దినములు దాటిన రెట్టింపు, ఏడు దినములు దాటిన సర్వనాశనమని బెదరించినాడు. శ్రీకాకుళ మెక్కడ, బిట్‌కాయిన్ ఎక్కడ యని నవ్వుకొనువా రుందురు. ఇది నవ్వులాట కాదని చెప్పుటకే మే మీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొట్టమొదట గ్రహింపవలసిన దొకటి కలదు. ఇది దైవికముగా వచ్చిన యుపద్రవము కాదు. ఒక యంత్రములోని ఫైళ్లను వేరొక యంత్రముతో పంచుకొనుటకై విండోస్ లో నొక భాగము కలదు. పురుగు ప్రవేశించిన కంత ఆ భాగముననే యున్నది. ఆ కంతను పూడ్చు మరమ్మతును, అనగా నేడు మనము అప్‌డేటు అని పిలుచుచున్న దానిని, మైక్రోసాఫ్టు కంపెనీ మార్చి 14 వ తేదీననే విడుదల చేసినది. అప్పటినుండి మే 12 వరకు 59 దినములు. మనము సముద్రతీర వాసులము. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌ను, 2018 అక్టోబరులో పలాస చెంత తీరము దాటిన తిత్లీని చూచినవారము. రెండు మూడు దినముల ముందు కబురు తెలిసిన చాలును, పడవలను ఒడ్డున కెక్కించి, ఇంటి కప్పులకు మోకులు బిగించుకొందుము. ఈ తుపానుకు 59 దినముల గడువు చిక్కినది. మోకు ఉచితముగా చేతికే వచ్చినది. కట్టుకొన్నవా రేరీ? 2014 ఏప్రిల్‌తో ఆదరణ ముగిసిన ఎక్స్.పి. వంటి ముసలి యంత్రములకు మాత్రము దాడి జరిగిన పిమ్మట గాని సామాన్యులకు మరమ్మతు దొరకలేదు. అంత ముసలివానిని కావలి పెట్టుట ఎవరి తప్పు?

ఇంగ్లండు దేశమునందును ఇదే కథ. అక్కడి ప్రభుత్వ వైద్యశాలల ట్రస్టులు 236 ఉండగా, వానిలో మూడవ వంతునకు ఈ దెబ్బ తగిలినది. సుమారు 19,000 మంది రోగుల అపాయింట్‌మెంట్లు రద్దయి యుండునని అంచనా వేసిరి. సామాన్యమైన జాగ్రత్తలు పాటించియున్నచో దీనిని తప్పించుకొనియుందురని అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయము ఆ సంవత్సరము అక్టోబరులోనే తేల్చి చెప్పినది. అగ్రరాజ్యమైనను, మన్యపు జిల్లా యైనను, తలుపు వేయని యింటికి దొంగ భేదము చూపడు.

ఇంతకును ఆ కంతను ముందుగా కనిపెట్టిన దెవరు? అమెరికా జాతీయ భద్రతా సంస్థ. కనిపెట్టిన వెంటనే కంపెనీకి తెలిపి పూడ్పింపలేదు. పరుల యంత్రములలో దూరుటకు దానిని ఆయుధముగా మలచుకొని దాచుకొన్నది. ఆ యాయుధము చేజారినది. షాడో బ్రోకర్స్ అను ముఠా 2017 ఏప్రిల్ 14 న దానిని బయట పెట్టినది. నెల తిరుగక మునుపే అది పురుగు రూపమున లోకముమీద పడినది. పురుగును వదలినవారు ఉత్తర కొరియావారని అమెరికా ప్రభుత్వము ఆ డిసెంబరులో ఆరోపించినది. ఒకడు కత్తి చేసి దాచెను, ఇంకొకడు దానిని బయటికి తెచ్చెను, మూడవవాడు విసరెను. గాయము శ్రీకాకుళపు ఠాణాకు తగిలినది. పరుల జగడములో మన ఇల్లు కాలుటయే పరాధీనత. తెల్లదొరల యేలుబడి పోయి డెబ్బది యేండ్లు దాటినను, ఈ పరాధీనతను మనము అజాగ్రత్త చేత కొని తెచ్చుకొనుచున్నాము.

కచేరీల గొడవ మాకేల యని గృహస్థులు తలపవచ్చును. “మా యింట దోచుకొనుటకు ఏమున్నది?” అను మాట తరచుగా వినవచ్చుచున్నది. ఏమి లేదు? బ్యాంకు ఖాతాకు దారి, ఆధారు నకలు, పట్టాదారు పాసుపుస్తకపు ప్రతి, పిల్లల సర్టిఫికెట్లు, గతించిన తల్లిదండ్రుల ఛాయాచిత్రములు, అమ్మాయి పెండ్లి వీడియో, ఇవి యన్నియు నేడు బీరువాలో కంటె కంప్యూటరులోనే యెక్కువగా నున్నవి. అవి అంగడిలో అమ్ముడుపోవలసిన పని లేదు. నీకు ప్రియమైనవైన చాలును. నీ మమకారమే దొంగకు పెట్టుబడి. అంతియే కాదు. దొంగకు దక్కిన యంత్రము యజమానుని ఒక్కనినే చెరుపదు. 2016 లో మిరాయి యను పురుగు ఇండ్లలోని కెమెరాలను, రౌటర్లను, కొన్ననాటి పాస్‌వర్డు మార్చని కారణమున, వేలకొలదిగా లోబరచుకొన్నది. అక్టోబరులో ఆ సేనను ఉసికొలిపి అమెరికాలో ట్విట్టరు, నెట్‌ఫ్లిక్స్ వంటి వానిని గంటల తరబడి స్తంభింపజేసిరి. ఆ కెమెరాల యజమానులకు తమ యింటినుండియే దాడి జరిగినదని తెలియనే తెలియదు. మశూచికపు దినములలో టీకా వేయించుకొనని యిల్లు వీధి కంతకు చేటు. ఇదియు నంతే.

మరి ఈ పురుగులు మన యిండ్లకు వచ్చు దారు లేవి? మొదటి దారి అంగడినుండియే బయలుదేరుచున్నది. యంత్రము కొన్నవానికి విండోస్ దొంగప్రతి నెక్కించి ఇచ్చు దుకాణములు లేని పట్టణము లేదు. ఆ ప్రతిని అసలైనదిగా నమ్మించుటకు యాక్టివేటర్ అను మారు తాళపుచెవి కావలెను. అది పనిచేయుటకు ముందు యాంటీవైరసును ఆపివేయుమని యడుగును. కావలివానిని నిద్రపుచ్చిన పిమ్మట లోనికి వచ్చువాడెవడో పాఠకులే యోచింపవలెను! ఆపైని దొంగతనము బయటపడునను భయముచేత అప్‌డేట్లను కూడ నిలిపివేయుదురు. కొన్ననాడే తలుపు పీకివేసి ఇంటిని అప్పగించిన ట్లున్నది ఈ వ్యాపారము. బీదవానికి అసలు ప్రతి కొను స్తోమతు లేదని వీరు వాదింతురు. స్తోమతు లేనిమాట నిజమే. అట్టివానికి ఖర్చు లేని లైనక్స్ కలదని వీరేల చెప్పరు? దొంగప్రతి బీదవానికి చుట్టము కాదు. వాని బీదతనమును ఎరగా వాడుకొను శత్రువు.

రెండవ దారి పెన్ డ్రైవు. హాల్ టికెట్టు ముద్రించుకొనుటకు జిరాక్సు దుకాణమునకు తీసికొనిపోయిన పెన్ డ్రైవు, ఇంటికి వచ్చుసరికి ఫోల్డర్లన్నియు షార్ట్‌కట్లుగా మారియుండుటను ఎరుగని విద్యార్థులు అరుదు. దీనిని చిన్నవిషయముగా చూడరాదు. ఇరాను అణుకర్మాగారమును చెరచుటకు పుట్టిన స్టక్స్‌నెట్ ఇట్టి పెన్ డ్రైవుల మీదనే ప్రయాణము చేసినది. 2010 లో సిమాన్‌టెక్ కంపెనీ వేసిన లెక్కలో దాని బారి పడిన దేశములలో ఇరాను, ఇండొనీషియాల తరువాతి స్థానము మన భారతదేశమునదే. ఎవరికో పెట్టిన విషము మన విస్తరిలో పడినది.

మూడవ దారి మన చేతితో మనమే తెరచునది. ఇటీవలి సంవత్సరములలో పెండ్లి శుభలేఖ యనియు, ట్రాఫిక్ చలానా యనియు, పి.ఎం. కిసాన్ యనియు పేరు పెట్టి వాట్సాపులో ఏ.పి.కె. ఫైళ్లు పంపుచున్నారు. శుభలేఖ చిత్రముగా వచ్చును, ఏ.పి.కె. గా రాదు. ఏ.పి.కె. యనగా ఫోనులో స్థాపించు ప్రోగ్రాము. దానిని తెరచి యనుమతు లిచ్చినవాడు తన ఓ.టి.పి. లను దొంగ చదువుటకు తానే యొప్పుకొన్నవాడగును.

“యాంటీవైరసు కొంటిని, నాకిక భయము లేదు” అనువారు వేరొక తెగ. మెడలో తాయెత్తు కట్టుకొని మురుగునీరు త్రాగువానికిని వీరికిని భేదము లేదు. విండోస్ 8 నాటినుండియు డిఫెండర్ అను కావలి యంత్రముతోనే వచ్చుచున్నది. దానిని ఆపక, అప్‌డేట్లను అడ్డక యున్నచో సామాన్య గృహస్థునకు అది చాలవరకు సరిపోవును. తెరమీద హఠాత్తుగా ఒక కిటికీ తెరచుకొని, నీ యంత్రము నిండ వైరసు లున్నవి, ఈ నంబరునకు ఫోను చేయుమని కేక పెట్టినచో, దాని నెన్నడును నమ్మరాదు. మైక్రోసాఫ్టువారి నిజమైన హెచ్చరికలలో ఫోను నంబరు ఉండదు. అక్కడ వైద్యుడే రోగము.

చేయవలసిన పని కొంచెమే. అప్‌డేట్లు తమంత తాము వచ్చునట్లు ఉంచుడు. నిత్యపు పనికిని, పిల్లల యాటలకును, అడ్మిన్ అధికారము లేని ఖాతాను వేరుగా పెట్టుడు. ప్రోగ్రాములను తయారుచేసినవారి చోటినుండియే తెచ్చుకొనుడు. మెయిలుకును బ్యాంకుకును ఒకే పాస్‌వర్డు పెట్టకుడు. రెండవ మెట్టు ధ్రువీకరణమును విడువకుడు. అన్నిటికంటె ముఖ్యము, విలువైన వాని ప్రతులను వేరొక హార్డ్ డిస్కులోని కెత్తి, ఎత్తిన వెంటనే దానిని యంత్రమునుండి ఊడదీసి బీరువాలో పెట్టుడు. తగిలించియే యుంచినచో దొంగ దానికిని తాళము వేయును. అచ్చయి మాయమగుచున్న తెలుగు కథలను వెదకి తెచ్చి కాళీపట్నం రామారావుగారు 1997 లో శ్రీకాకుళమున కథానిలయము నెలకొల్పినారు. భద్రపరుపనిది మిగులదని మన జిల్లాకు ఎవరును క్రొత్తగా నేర్పనక్కరలేదు. ఒకవేళ తాళము పడియే పోయినచో మొదట ఇంటర్నెట్టును తెంచుడు. రొక్కము చెల్లింపకుడు; చెల్లించినను తెరచునను పూచీ లేదు. ఐరోపా పోలీసులు 2016 లో మొదలుపెట్టిన ‘నో మోర్ రాన్సమ్’ వెబ్‌సైటులో కొన్ని తాళములకు చెవులు ఉచితముగా దొరకును. ఖాతాలో సొమ్ము పోయినచో జాగు చేయక 1930 నంబరునకు ఫోను చేయుడు.

ఇక స్వదేశి మాట. 2025 అక్టోబరు 14 న విండోస్ 10 నకు కంపెనీ తన సాధారణ సంరక్షణమును ముగించినది. పేరు నమోదు చేసికొన్న గృహస్థులకు మరియొక సంవత్సరము గడువు ప్రకటించినది. చక్కగా పనిచేయుచున్న పాత యంత్రము లెన్నియో విండోస్ 11 కు పనికిరావని త్రోసివేయబడినవి. మన యింటి వస్తువు పనికివచ్చునో రాదో నిర్ణయించు అధికారము సముద్రముల కావల నున్నది! గాంధీ మహాత్ముడు మెచ్చిన సన్నఖద్దరు మన పొందూరులో పుట్టినది. తన గుడ్డను తాను నేసికొనువాని మెడను ఎవరును వంపలేరనుటయే ఆ ఖద్దరు నేర్పిన పాఠము. లైనక్స్ అట్టి రాట్నము. దాని మూలము బహిరంగము, ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, పంచవచ్చును, తెలుగులోనే నడుపవచ్చును. కేంద్ర ప్రభుత్వపు సి-డాక్ సంస్థ బాస్ అను పేర దీనిని తయారు చేసినది. రక్షణశాఖ తన కంప్యూటర్లకు విండోస్‌కు మారుగా మాయా అను దానిని తెచ్చుటకు 2023 లో పూనుకొన్నది. కేరళ ప్రభుత్వ పాఠశాలల బాలురు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు మీదనే చదువుచున్నారు. మలయాళపు బాలుని చేతనైనది తెలుగు బాలుని చేత కాదా? లైనక్స్ యైనను అప్‌డేటు చేయనివానిని కాపాడదు. ఖద్దరు కట్టినంతమాత్రమున ఎవడును సత్యవంతుడు కాడు. అయినను ఏలికను మార్చుకొను స్వేచ్ఛ దానియందున్నది.

ప్రభుత్వమువారికి మా మాట యొకటి. పింఛను మొదలు భూమి రికార్డు వరకు సర్వమును మీరు కంప్యూటరున కెక్కించితిరి. ప్రజలను ఆ సంతలోనికి తోలి, జేబు జాగ్రత్త యని వారి భాషలో చెప్పు బాధ్యతను మాత్రము సరిగా వహింపలేదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టపు 43, 66 సెక్షన్లు వైరసు నెక్కించినవానికి శిక్ష చెప్పుచున్నవి. సముద్రము దాటి కూర్చున్న దొంగను ఆ సెక్షన్లు తెచ్చి నిలబెట్టునా? పురుగులను తుడుచు పనిముట్లను ఉచితముగా నిచ్చుటకు కేంద్రము 2017 ఫిబ్రవరిలో సైబర్ స్వచ్ఛతా కేంద్రమును తెరచినది. మంచి పని. దాని పేరు మన పఠనమందిరములలో నెందరు విన్నారు?

జనులు ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయపు సెస్సు చెల్లించుచున్నారు. శ్రీకాకుళ, విజయనగర జిల్లా కేంద్ర గ్రంథాలయములలో వారమున కొకదినము, చదువుకొన్న యువకు లిద్దరు కూర్చుండి, తెచ్చినవారి యంత్రములను చూచి, తెలుగులో చెప్పి, సరిచేయు ఏర్పాటు చేయుటకు ఎంత సొమ్ము కావలెను? 1914 లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించినవారు ప్రభుత్వపు టుత్తరువు కొరకు కనిపెట్టుకొని యుండలేదు. అక్షరము రానివానికి అక్షరము నేర్పుట నాటి ధర్మము. తలుపు వేయుట రానివానికి గడియ చూపుట నేటి ధర్మము.

పాఠకులారా, ప్రభుత్వము కదలువరకు కూర్చుండవలదు. ఈ పత్రికను మడచిన వెంటనే మీ యంత్రము అప్‌డేటును చూడుడు, ప్రతి యొకటి తీసి బీరువాలో పెట్టుడు, పొరుగువానికి చెప్పుడు. క్రొత్త పురుగులు పుట్టక మానవు. గడియ వేయుట మాత్రము మన చేతిలోని పని.