తుంటి నొప్పి అవిశ్వాసం కాదు



కొన్ని నెలల క్రితం ఒక ఉపవాస కూడికలో జరిగిన సంగతితో మొదలుపెడతాం. అందరూ మోకాళ్లూని ప్రార్థిస్తుండగా ముప్పై ఏళ్ల సహోదరి ఒకరు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. "మోకరించమ్మా, దేవుని సన్నిధిలో బిగుసుకుని నిలబడకూడదు" అని మైకులోనే అనేశాం. కూడిక ముగిశాక ఆమె దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, నాకు భక్తి లేక కాదండి. వంగితే తుంటి పట్టేస్తోంది, మళ్లీ లేవలేను" అన్నారు. ఆమెకు మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉందని నాలుగేళ్లుగా మాకు తెలుసు. ఆదివారం ప్రార్థనల్లో ఆమె పేరు చదువుతూనే ఉన్నాం. కానీ ఎక్కడ కూర్చుంటున్నారో, ఎలా లేస్తున్నారో ఒక్కసారీ అడగలేదు. ఆమెను క్షమాపణ అడిగాం. ఈ నాలుగు మాటలు ఆ సిగ్గుతోనే రాస్తున్నాం.

ఎం.ఎస్. అని పిలిచే ఈ జబ్బు మెదడును, వెన్నుపామును, కంటి నరాలను పట్టేది. కరెంటు వైరుకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే నరాల పోగులకు మైలిన్ అనే పొర ఉంటుంది. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే దారి తప్పి ఆ పొరను దెబ్బతీస్తుంది. దాంతో మెదడు పంపిన కబురు కాలికి ఆలస్యంగా చేరుతుంది, ఒక్కోసారి చేరనే చేరదు. 1868లోనే ఫ్రెంచి వైద్యుడు షార్కో దీన్ని ప్రత్యేకమైన జబ్బుగా వివరించారు. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య బయటపడుతుంది. పురుషులకంటే స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు అన్నీ ఒకేసారి మీద పడే వయసది. ఇది అంటువ్యాధి కాదు, ఎవరి పాపానికీ శిక్ష కాదు.

మరి నరాల జబ్బు వస్తే తుంటి ఎందుకు నొప్పి పెట్టాలి? ఎం.ఎస్. నేరుగా కీళ్ల మీద దాడి చేయదు. నడకను మార్చేస్తుంది, ఆ మారిన నడక కీళ్లను పీడిస్తుంది. పాదం ముందు భాగం పైకి లేవకపోతే నేలకు తగులుతుంది. తగలకుండా ఉండాలని మనిషి తుంటిని ఎత్తి, కాలిని పక్కగా తిప్పి అడుగు వేస్తారు. రోజంతా అలా నడిస్తే తుంటి, నడుము, మోకాలు అన్నీ సలుపుతాయి. బలం ఉన్న కాలి మీదే భారం పడి, బాగున్న వైపు తుంటి నొప్పి పెట్టడమూ ఉంటుంది. స్పాస్టిసిటీ వల్ల తొడ కండరాలు కొయ్యబారినట్టు బిగుసుకుంటాయి. గంటల తరబడి కూర్చునే ఉంటే తుంటి ముందరి కండరాలు కురచబడి, నిటారుగా నిలబడనివ్వవు. కొందరికి కీలు బాగానే ఉంటుంది గానీ, దెబ్బతిన్న నరాలే మంటను, పోట్లను పుట్టిస్తాయి.

వీటికి తోడు ఇంకో రెండు ప్రమాదాలున్నాయి. నడక తగ్గడం వల్ల, స్టెరాయిడ్ మందుల వల్ల ఎముకలు గుల్లబారతాయి. అలాంటప్పుడు బాత్రూంలో జారి పడ్డా తుంటి ఎముక విరగవచ్చు. జబ్బు తిరగబెట్టినప్పుడు ఇచ్చే పెద్ద మోతాదు స్టెరాయిడ్ల వల్ల కొద్దిమందికి తొడ ఎముక తలకు రక్తం అందక అది దెబ్బతింటుంది. దీన్నే ఏవీఎన్ అంటారు. మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, ఎం.ఆర్.ఐ.లో తెలుస్తుంది. భయపడి స్టెరాయిడ్ మానేయమని చెప్పడం లేదు. అవసరమైనప్పుడు అది ఆదుకునే మందే. కానీ నడుస్తుంటే గజ్జల్లో నొప్పి వచ్చి తగ్గకపోతే, "ఎం.ఎస్. ఉంది కదా, నొప్పులు మామూలే" అని ఎవరన్నా సరే ఊరుకోవద్దు. తుంటిని విడిగా పరీక్షించమని గట్టిగా అడగండి.

అడగడంలోనూ మనకు ఒక చిక్కుంది. ఇంట్లో తెలుగులో బాధపడి, ఆస్పత్రిలో కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో మరాఠీలోనో చెప్పుకోవలసిన వాళ్లం. పైగా తుంటి నొప్పినీ, పిర్రల్లో నొప్పినీ, గజ్జల్లో నొప్పినీ అన్నింటినీ కలిపి "నడుము నొప్పి" అనేస్తాం. డాక్టరు వెన్నెముకకు ఫోటో తీయించి పంపేస్తారు. అందుకని వేలు పెట్టి చూపించండి. కూర్చుంటే వస్తోందా, లేస్తుంటే వస్తోందా, రాత్రి నిద్రలో లేపుతోందా, ముందే రాసుకుని వెళ్లండి. యువతీ యువకులారా, ఆ ఊరి భాష మీకు బాగా వచ్చు. ఒక పూట సెలవు పెట్టి అక్కకో పిన్నికో తోడు వెళ్లి ఆ మాట చెప్పి రావడం గొప్ప పరిచర్య.

నొప్పికి కారణం తెలిస్తే చేయదగినవి చాలా ఉన్నాయి. ఫిజియోథెరపీ, రోజూ కండరాలను సాగదీసే వ్యాయామం, పాదాన్ని నిలబెట్టే స్ప్లింట్, బలహీనమైన కాలికి ఎదురు చేతిలో కర్ర, నేల మీద కూర్చోనక్కరలేని కమోడ్. బిగుసుకుపోయే కండరాలకు బాక్లోఫెన్ వంటి మందులు డాక్టర్లు రాస్తారు. వాటిని సొంతంగా ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం. వేడి కాపడం జాగ్రత్త: స్పర్శ తగ్గిన చర్మం కాలినా తెలియదు. పైగా ఒళ్లు వేడెక్కితే చాలామంది ఎం.ఎస్. రోగులకు నీరసం పెరుగుతుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద మూడు గంటల ఆరాధన వారికి ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇది జాలికి మాత్రమే సంబంధించిన విషయం కాదు, హక్కుల విషయం కూడా. 1995 నాటి చట్టంలో ఏడు వైకల్యాలే ఉండేవి. 2016 వికలాంగుల హక్కుల చట్టం వాటిని 21కి పెంచి మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను పేరు పెట్టి చేర్చింది. వైకల్య ధ్రువపత్రానికి, యూడీఐడీ కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు. "చూడటానికి బాగానే ఉన్నావుగా" అని ఎవరన్నా వెనక్కి తగ్గవద్దు. మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకు ముంబయి, పుణె, చెన్నై, బెంగళూరు, హైదరాబాదులలో శాఖలున్నాయి.

ఇక మన సంఘాల మాట. స్వస్థత కూడికల్లో "విశ్వాసముంటే కర్ర పడేసి నడువు" అన్న మాట మనం ఆపాలి. ఆ మాట నమ్మి కింద పడితే విరిగేది ఆమె తుంటి, వేదిక మీదివాళ్లది కాదు. పెనూయేలు దాటిన యాకోబు తుంటి పట్టి కుంటుతూనే నడిచాడు. ఆశీర్వాదం పొందినవాడు కూడా ఆయనే. కుంటడాన్ని అవిశ్వాసానికి గుర్తుగా చూపే అధికారం మనకెవరిచ్చారు? స్వస్థత కోసం ప్రార్థిద్దాం, మందులూ మానవద్దని అదే నోటితో చెబుదాం.

మే 30 ప్రపంచ ఎం.ఎస్. దినం. ఆలోగా ప్రతి సంఘం మూడు పనులు చేయాలని కోరుతున్నాం. చాపల వరుసల మధ్యలోనే చేతులున్న కుర్చీలు కొన్ని వేయండి, వెనక మూలన కాదు. మెట్ల పక్కన పట్టుకోవడానికి ఒక కమ్మీ, వీలైతే ర్యాంపు కట్టించండి. కూర్చునో నిలబడో ప్రార్థించవచ్చని కూడిక మొదట్లోనే చెప్పండి. పక్షవాయువు గలవాణ్ని మోసుకొచ్చిన ఆ నలుగురు జనం గుంపు అడ్డుందని తిరిగి వెళ్లలేదు, ఇంటికప్పునే విప్పారు. మనల్ని అడుగుతున్నది ఒక కుర్చీ, ఒక ఇనుప కమ్మీ.

ఆ సహోదరి ఇప్పుడు మూడో వరుసలో కుర్చీలో కూర్చుంటున్నారు. నొప్పి పూర్తిగా పోలేదు. కానీ ఆదివారం ఆరాధన మధ్యలో లేచి వెళ్లిపోవడం మాత్రం మానేశారు.