తోటకే కాదు, గ్రూపుకీ కలుపు తీయాలి

మిద్దె మీద నాలుగు కుండీలు పెట్టుకున్న అక్కచెల్లెళ్ళందరికీ ఈ వారం మొక్కల కబురు కాదు, మొక్కల గ్రూపు కబురు చెప్పాలనుంది.

ఇప్పుడు ఏ ఊళ్ళో చూసినా తోట సరదా ఉన్న ఆడవాళ్ళు వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకుంటున్నారు. మంచిదే కదండీ! మందారానికి పిండినల్లి పట్టిందని పొద్దున్న ఫొటో పెడితే, మధ్యాహ్నం వంటయ్యేలోపు జవాబు వచ్చేస్తుంది. లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట కొట్టమని ఎవరో ఒకరు చెబుతారు. పైసా ఖర్చు లేని సలహా!

చిక్కంతా ఎక్కడంటే, ఆ జవాబు కనిపించకుండా మధ్యలో వచ్చిపడే చెత్తతోనే. 'ఇంట్లో కూర్చుని రోజుకి మూడువేలు సంపాదించండి', 'మా పెళ్ళి శుభలేఖ తెరిచి చూడండి', 'కరెంటు బిల్లు కట్టలేదు, ఈ రాత్రికి కనెక్షన్ తీసేస్తాం'... ఇలాంటివే. దీన్నే స్పామ్ అంటారు. నిజానికి స్పామ్ అనేది 1937 నుంచి అమెరికాలో అమ్ముతున్న ఒక డబ్బా మాంసం పేరు. 1970లో ఇంగ్లండు టీవీలో మాంటీ పైథాన్ వాళ్ళ హాస్య కార్యక్రమం ఒకటి వచ్చింది. అందులో హోటల్లో దాదాపు ఏ వంటకం చూసినా స్పామ్ ఉంటుంది, మనుషుల మాట వినబడకుండా పక్కనుంచి అదే పాట! అక్కర్లేని మెసేజ్‌లకి ఆ పేరు అలా అంటుకుంది. చూశారా, వంటింటి మాటే!

సరే, చెత్త వచ్చింది. మంచి సభ్యురాలు ఏం చేయాలి? 'నాకెందుకులే' అని ఊరుకోకూడదు. అలాగని గ్రూపులో దాని కిందే తిట్లూ పెట్టకూడదు. ఒక చెత్త మెసేజ్‌కి ఇరవై తిట్లు జతపడితే మొత్తం ఇరవై ఒక్క చెత్తలు! ఆ లింకు ముట్టుకోకండి. శుభలేఖ అని వచ్చిన ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే అసలు తెరవద్దు. అది శుభలేఖ కాదు, ఫోన్లో దూరే ప్రోగ్రాము. అడ్మిన్‌కి విడిగా ఒక్క మాట రాయండి. ఎవరు పెట్టిన మెసేజ్ అయినా అందరి ఫోన్లలోంచి తీసేసే వీలు అడ్మిన్‌కి ఉంది. ఆవిడ కూడా మనలాగే పొయ్యి మీద పాలు పెట్టుకున్న మనిషి. కాస్త ఓపిక పట్టండి మరి.

ఇప్పుడు అసలు సంగతి. మా గ్రూపులో ఒక పెద్దావిడ ఉండేవారు. పొట్లపాదు విషయంలో ఆవిడ మాటే మాకు వేదం. ఏటా మృగశిర కార్తెకి ఇరవై ఇళ్ళకి గింజలు పంచేవారు. ఒకరోజు ఆవిడ పేరుతోనే 'అర్జెంటుగా పదివేలు కావాలి, సాయంత్రానికి ఇచ్చేస్తాను' అని వచ్చింది. ఎవడో ఫోన్ చేసి, కొరియర్ కోసమంటూ ఆరంకెల కోడ్ అడిగి, ఆవిడ వాట్సాప్ లాగేసుకున్నాడు. ఇద్దరు వెంటనే ఆవిడకి మామూలు ఫోన్ చేసి సంగతి చెప్పారు. మిగతావాళ్ళో? 'ఈ వయసులో ఫోన్ ఎందుకండీ', 'ముందు ఈవిడని తీసేయండి' అని గ్రూపులోనే రాశారు. కొడుకు సాయంతో ఆవిడ వాట్సాప్ తిరిగి వచ్చింది. వచ్చాక ఆ మాటలన్నీ చదువుకుని, గ్రూపులోంచి వెళ్ళిపోయారు. ఈ ఏడు మృగశిరకి గింజలు రాలేదు. మోసగాడు మా గ్రూపులో రూపాయి కూడా పట్టుకుపోలేదమ్మా. ఆవిడని పోగొట్టుకున్నది మాత్రం మా నోటి దురుసుతోనే. కలుపు పీకేటప్పుడు మొక్క వేరు కదలకుండా చూసుకోవద్దూ?

అందుకే తెలిసినవాళ్ళ పేరుతో డబ్బు అడిగితే ముందు ఫోన్ చేయండి, గొంతు వినండి. పోయిన వాట్సాప్ రావాలంటే మన నంబరుతో మళ్ళీ నమోదు చేసుకుని, వచ్చిన కోడ్ కొడితే చాలు, అవతలివాడు బయటికి పోతాడు. వాడు ముందే పిన్ పెట్టేసి ఉంటే మాత్రం ఏడు రోజులు ఆగాలి. ఆ పిన్ ఏదో మనమే ముందు పెట్టుకుంటే పోలా? సెట్టింగుల్లో అకౌంట్‌లోకి వెళితే 'టూ స్టెప్ వెరిఫికేషన్' ఉంటుంది. డబ్బే పోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బుని దారిలో ఆపే వీలు అంత ఎక్కువ.

ఇక మనం పెట్టే చెత్త మాటేమిటి? గుడ్ మార్నింగ్ బొమ్మలు, దేవుడి ఫొటోలు, పార్టీల గొడవలు, చీరల అమ్మకాలు! ఎవరి సరుకు వాళ్ళకి ముద్దే. కానీ ఆకుముడత గురించి అడిగిన కొత్త పిల్ల ప్రశ్న వాటి కింద పడి కనిపించకుండా పోతే, ఆ పిల్ల మళ్ళీ అడగదు. అమ్మకాలకి ఆదివారం ఒక్కరోజు కేటాయించుకోండి. రెండు బాణాల గుర్తుతో వచ్చేవి చాలా చేతులు మారిన మెసేజ్‌లు. అవి మన గ్రూపు దగ్గరే ఆగిపోవాలి. గ్రూపులో చేరే లింకు నలుగురూ చూసేచోట పెట్టొద్దు, తెలిసినవాళ్ళకి విడిగా పంపండి. కొత్తవాళ్ళని అడ్మిన్ ఒప్పుకున్నాకే చేర్చుకునే ఏర్పాటు కూడా ఉంది, వాడుకోండి.

అన్నట్టు, మా పెద్దావిడ ఇంటికి ఈ ఆదివారం నలుగురం కలిసి వెళ్తున్నాం. గింజల కోసం కాదండోయ్, క్షమించమని అడగడానికి. మీ గ్రూపులోంచి కూడా అలా చడీచప్పుడు లేకుండా వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారేమో, ఒకసారి చూసుకోండి. వచ్చేవారం కలుద్దాం.