ఆస్పత్రి గేటు దాటాక ఎవరు దిక్కు?

కామెర్లతోనో, కడుపునెప్పితోనో, ఫిట్స్ వచ్చి పడిపోయో జిల్లా ఆస్పత్రిలో చేరే కౌలుదార్లు, వ్యవసాయ కూలీలలో తాగుడు వల్ల జబ్బుపడినవారు ఎందరో! వారం పది రోజులు సెలైన్లు, సూదిమందులు ఇస్తారు. తర్వాత చీటీ చేతికిచ్చి "ఇక తాగకు, తాగితే చస్తావ్" అని పంపేస్తారు. ఊళ్ళో బస్సు దిగగానే ఎదురయ్యేది బెల్టుషాపు. రెండు నెలలు తిరక్కుండానే ఆ మనిషి మళ్ళీ అదే వార్డులో ఉంటాడు. "చెప్తే వినడు, వాడి ఖర్మ" అంటుంది ఊరు.

ఇది ఖర్మ కాదు. తాగుడుకు బానిస కావటం ఒక జబ్బు. కేంద్ర ప్రభుత్వం తరఫున ఢిల్లీ ఎయిమ్స్ జరిపి, 2019లో ప్రకటించిన సర్వే ఏం చెబుతోంది? మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఆస్పత్రిలో ఉంచి చికిత్స చేసేది 180 మందిలో ఒక్కరికే. మిగతావారి గతి ఏమిటి?

ముందుగా రైతు కుటుంబాలు ఒక విషయం గమనించాలి. ఏళ్ళ తరబడి రోజూ విపరీతంగా తాగే మనిషి ఇంట్లో కూర్చుని ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మతి తప్పి, లేనివి కనపడతాయి. దీన్ని దయ్యం పట్టిందని భూతవైద్యుడి దగ్గరకు తీసుకుపోవద్దు. ఆస్పత్రికి తీసుకుపోవాలి. తెలంగాణలో మత్తుమందులు కలిపిన కల్తీ కల్లుకు అలవాటు పడ్డవారికీ ఇదే ప్రమాదం.

అట్లాగే "మాన్పించే మందు" అంటూ మొగుడికి తెలియకుండా అన్నంలో కలిపి పెట్టడం కొన్నిచోట్ల జరుగుతోంది. డైసల్ఫిరామ్ అనే మాత్ర వేసుకున్న మనిషి సారా ముడితే గుండె మీదికి రావచ్చు. అది డాక్టరు చూపుతో, రోగి ఒప్పుకుని వేసుకోవలసిన మందు. తాగాలన్న యావను తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు కూడా ఉన్నాయి. వీటినీ డాక్టరు చూసి రాయవలసిందే.

మందులొక్కటే చాలవు, మాట కావాలి. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చే తాగుబోతు రోగులతో, తర్ఫీదు పొందిన మామూలు మనుషులు నాలుగు విడతలకు మించకుండా మాట్లాడారు. 2017లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, మూడు నెలలకు వారిలో 36 శాతం మంది హానికరమైన తాగుడు నుంచి బయటపడ్డారు. మామూలు వైద్యం పొందినవారిలో ఇది 26 శాతమే. తాగుడుకు పూర్తిగా బానిసలైనవారికి ఇదొక్కటే సరిపోదు. కానీ అంతదాకా పోనివారికి పెద్ద డిగ్రీలు లేనివారు కూడా మేలు చేయగలరని రుజువైంది. మన ఊళ్ళలో ఆశా కార్యకర్తలు ఉన్నారు కదా! వారికి తర్ఫీదూ, ఆ పనికి తగ్గ వేతనమూ ఇస్తే ఈ పని ఎందుకు జరగదు?

జరగకపోవడానికి కారణం స్పష్టమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడపడుచులు లేవదీసిన పోరాటం 1993 అక్టోబరులో సారాను నిషేధింపజేసింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తివేశారు. ఆ తర్వాత దుకాణాలు సర్కారువైనా, ప్రైవేటువైనా, ఖజానాకు రాబడి మాత్రం ఆగలేదు. తాగించి రాబట్టే సర్కారుకు, తాగి చెడిన మనిషిని నిలబెట్టే బాధ్యత లేదా?

ప్రభుత్వం చెయ్యవలసింది ఇది: ప్రతి జిల్లా ఆస్పత్రిలో తాగుడు మాన్పించే వార్డు తెరవాలి. ఇంటికి పంపేటప్పుడే మళ్ళీ రావలసిన తేదీ రాసివ్వాలి. వారం తిరిగేలోగా ఊళ్ళో ఆరోగ్య కార్యకర్త వెళ్ళి పలకరించాలి. మందులు మండల కేంద్రంలోనే ఉచితంగా దొరకాలి. బెల్టుషాపులు మూయించాలి. ఈలోగా 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ సలహా ఉచితంగా దొరుకుతుంది.

రైతు, కూలీ సంఘాలు కూడా ఇది తమ పని కాదనుకోరాదు. ఆస్పత్రి నుంచి వచ్చిన మనిషిని ఎగతాళి చెయ్యకుండా, సాయంత్రం పూట ఒంటరిగా వదలకుండా కూడా తిరగండి. మళ్ళీ ఒకసారి తాగినా "అయిపోయాడు" అని వదిలెయ్యక, మళ్ళీ ఆస్పత్రికి నడిపించండి. అప్పులోంచి బయటపడడానికి తోటి రైతుకు అండగా నిలిచినట్టే, తాగుడులోంచి బయటపడడానికీ అండగా నిలవాలి.