ఆట బొమ్మలో ఉందా, నియమంలో ఉందా?

కొత్త వీడియో గేముల ప్రకటనలు మీరు చూసే ఉంటారు. వాన వెలిసిన వీధిలో నీటి మడుగులు, వాటిలో దీపాల నీడలు తళతళలాడుతుంటాయి. గుర్రం పరుగెడుతుంటే జూలులోని ఒక్కొక్క వెంట్రుకా విడివిడిగా ఊగుతుంది. "ఎంత సహజంగా ఉందో చూశారా?" అని ఊరిస్తాయి ఆ ప్రకటనలు. నిజమే, కళ్ళు చెదిరిపోతాయి. కాని వాటిలో ఒక ముఖ్యమైన సంగతి తరచు కనిపించదు. ఆ ఆటలో మనం చేయవలసినదేమిటి? ఏం చేస్తే గెలుస్తాం? ఏం చేస్తే ఓడిపోతాం?

ఇంకోవైపు మరో వింత జరుగుతున్నది. ముప్ఫై, నలభై ఏళ్ళనాటి ఆటలను, గళ్ళుగళ్ళుగా కనిపించే ఆ మోటు బొమ్మలతో సహా, కంపెనీలు మళ్ళీ అమ్ముతున్నాయి. 2016 నవంబరులో జపాను కంపెనీ నింటెండో అరచేతిలో పట్టేంత చిన్న పెట్టె ఒకటి విడుదల చేసింది. దాని పేరు నెస్ క్లాసిక్. 1980లలో ఆ కంపెనీ అమ్మిన యంత్రానికి అచ్చమైన బుల్లి నకలు అది. లోపల 30 పాత ఆటలు. దుకాణాలలోకి వచ్చీరాగానే అయిపోయి, దొరకడమే గగనమైంది. పెద్దవాళ్ళకు చిన్ననాటి మీద మమకారం, అందుకే కొన్నారని కొందరంటారు. కొంత నిజమే. మరి ఆ రోజుల్లో పుట్టనైనా పుట్టని పిల్లలు కూడా ఆ ఆటలు పట్టుకుని వదలరేం? వాళ్ళకు ఏం జ్ఞాపకాలున్నాయని?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వీడియో గేము ప్రాణం బొమ్మలో లేదు. నియమాలలో ఉంది, ఆ నియమాలు నడిచే వేగంలో ఉంది.

మన పులి-మేక ఆటనే తీసుకోండి. మూడు పులులు, పదిహేను మేకలు. అరుగు మీద బొగ్గుతో గీసి చింతపిక్కలతో ఆడినా, నున్నటి చెక్కపలక మీద ఇత్తడి బొమ్మలతో ఆడినా అది పులి-మేకే. ఇప్పుడు బొమ్మలు అలాగే ఉంచి, పులి ఒకేసారి రెండు మేకలను దాటవచ్చని ఒక్క నియమం మార్చండి. మేకలు కట్టే వ్యూహమంతా తలకిందులైపోతుంది. పలక అదే, ఆట వేరు.

కాస్త లెక్క చేద్దాం. టీవీ తెర మీది బొమ్మ చుక్కలతో ఏర్పడుతుంది. నింటెండో పాత యంత్రం వేసే బొమ్మకు అడ్డంగా 256, నిలువుగా 240 చుక్కలు. మొత్తం 61,440. ఈనాటి 4కె టీవీ తెరకు అడ్డంగా 3,840, నిలువుగా 2,160. మొత్తం 82,94,400 చుక్కలు. భాగించి చూడండి. సరిగ్గా 135 రెట్లు వస్తుంది. మరి ఆట ఆడడంలోని సరదా కూడా 135 రెట్లు పెరిగిందా? పెరిగిందని చెప్పేవారిని నేనింతవరకు చూడలేదు.

చుక్కలు తక్కువైనప్పుడు బుర్రకు పని ఎక్కువ. మారియో అనే మీసాల బొమ్మ మీకు తెలుసు కదా. 1981లో డాంకీ కాంగ్ అనే ఆట కోసం మియామోటో షిగెరు ఆ బొమ్మను కల్పించాడు. ఉన్న కాసిని చుక్కలతో ముక్కూ నోరూ విడివిడిగా తెలిసేలా వేయడం కష్టం కనుక మీసం పెట్టాడు. జుట్టు వేసే బాధ లేకుండా టోపీ పెట్టాడు. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ ఆట మొత్తం 40 కిలోబైట్లలో సర్దుకుంది. మీ ఫోనులో తీసిన ఒక్క ఫోటో 4 మెగాబైట్లనుకుంటే, ఆ జాగాలో ఈ ఆటలు వంద పడతాయి! అంత పొదుపు ఎలా సాధ్యమైంది? ఈసారి ఆ ఆట ఎక్కడైనా కనిపిస్తే ఆకాశంలోని మబ్బునూ, నేల మీది పొదనూ పోల్చి చూడండి. రెండూ ఒకే బొమ్మ. రంగు మాత్రం మార్చారు.

అన్నిటికన్నా నాకు నచ్చిన ఉదాహరణ స్పేస్ ఇన్వేడర్స్. జపానులో 1978లో నిషికాడో తొమోహిరో తయారుచేశాడు. ఆకాశం నుంచి 55 మంది శత్రువులు బారులు తీరి అటూ ఇటూ జరుగుతూ కిందికి దిగుతుంటారు. మనం కింది నుంచి ఒక్కొక్కరినీ కొట్టాలి. తెర నలుపు తెలుపుదే. దాని మీద రంగు కాగితాల పట్టీలు అంటించి రంగులున్నట్టు భ్రమ కల్పించారు! బొమ్మల సంగతి అంతే. కాని ఆ ఆటలో ఒక విశేషం ఉంది. శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్ళ వేగం పెరుగుతుంది. చివరి ఒక్కడు మిగిలేసరికి వాడు తెర మీద పరుగులు తీస్తుంటాడు, మన గుండె కొట్టుకుంటుంది.

ఇది నిషికాడో ముందుగా ఊహించినది కాదు. ఆ యంత్రం తెర మీది చిత్రాన్ని సెకనుకు సుమారు 60 సార్లు మారుస్తుంది. మార్చిన ప్రతిసారీ ఒక్క శత్రువునే జరుపుతుంది. 55 మంది ఉన్నప్పుడు అందరినీ ఒక్కొక్క అడుగు జరపడానికి 55 మార్పులు కావాలి, అంటే దాదాపు ఒక సెకను. పదిమందే మిగిలితే సెకనులో ఆరో వంతు చాలు. ఒక్కడే మిగిలితే వాడు సెకనుకు 60 అడుగులు వేస్తాడు. ఎదురుగా ఉన్న ప్రమాదం తగ్గేకొద్దీ ఆట కష్టమవుతున్నదన్నమాట. నిషికాడో అది గమనించి, బాగుందని అలాగే ఉంచేశాడు. యంత్రం పేదరికం నుంచి ఎంత గొప్ప నియమం పుట్టిందో చూడండి.

"బాగానే ఉంది, కాని రంగులూ మెరుపులూ ఉన్నదే జనం కొంటారు కదా?" అని మీరు అడగవచ్చు. 1989లో సరిగ్గా ఇదే పరీక్ష జరిగింది. ఆ సంవత్సరం చేతిలో పట్టుకుని ఆడే యంత్రాలు రెండు పోటీ పడ్డాయి. అటారీ కంపెనీది లింక్స్. దానికి చక్కని రంగుల తెర, కాని ఆరు సెల్లులు వేసినా కొద్ది గంటలకే అయిపోయేవి. నింటెండోది గేమ్ బాయ్. నాలుగు ఛాయలు మాత్రమే చూపగల పాలిపోయిన తెర, నాలుగు సెల్లులతో చాలా గంటలు నడిచేది. దాన్ని రూపొందించిన యొకోయి గుంపెయి నమ్మకం ఏమిటంటే, బాగా నలిగి, చవకబారిన పరికరాలనే కొత్త ఉపాయంతో వాడాలని. అమెరికాలో గేమ్ బాయ్‌తో పాటు టెట్రిస్ అనే ఆట ఇచ్చారు. పైనుంచి పడే ముక్కలను సందు లేకుండా పేర్చే ఆట అది. మాస్కోలో 1984లో అలెక్సీ పజిట్నోవ్ దాన్ని తయారుచేసిన కంప్యూటరుకు బొమ్మలు వేయడమే రాదు. బ్రాకెట్ గుర్తులు పక్కపక్కన పేర్చి ముక్కలు చూపించాడు. మరి ఎవరు గెలిచారు? లింక్స్ వెనుకబడిపోయింది. గేమ్ బాయ్, దాని తర్వాత వచ్చిన రంగుల గేమ్ బాయ్ కలిపి 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి.

బొమ్మలు శుద్ధ దండగ అని నేననడం లేదు. బొమ్మ నియమానికి పని చేసినప్పుడు దాని విలువే వేరు. 1980లో వచ్చిన పాక్-మన్‌లో నాలుగు దయ్యాలకు నాలుగు రంగులున్నాయి. అలంకారానికి కాదు. ఎర్ర దయ్యం మీరున్న చోటికే సూటిగా వస్తుంది. గులాబీ దయ్యం మీ ముందు నాలుగు గడుల దూరానికి గురిపెట్టి దారి కాయాలని చూస్తుంది. రంగు చూడగానే ప్రమాదం ఏ రకమో తెలుస్తుంది. అలాగే 1996లో సూపర్ మారియో 64 వచ్చినప్పుడు పొడవు, వెడల్పు, లోతు మూడూ ఉన్న లోకం కొత్త రకం ఆటకే చోటిచ్చింది. నా పేచీ అలాంటి బొమ్మలతో కాదు. పైన పటారం, లోన లొటారం అన్న రకంతోనే.

ఇక పాత ఆటలను మళ్ళీ అమ్మేవారి సంగతి. వాళ్ళతోనూ నాకు పేచీ ఉంది.

పాత ఆటను కొత్త యంత్రంలో నేరుగా నడపలేం. పాత ప్రాసెసరు భాష వేరు, కొత్తదాని భాష వేరు. అందుచేత మధ్యలో దుబాసి లాంటి ప్రోగ్రాము ఒకటి పెడతారు. దాన్ని ఎమ్యులేటర్ అంటారు. పాత యంత్రానికి ఇచ్చిన ఆజ్ఞలను అది ఒక్కొక్కటే చదివి, కొత్త యంత్రం చేత చేయిస్తుంది. అయితే మాటలు మారిస్తే చాలదు, కాలం కూడా కాపాడాలి. స్పేస్ ఇన్వేడర్స్‌ను ఈనాటి ప్రాసెసరు తన ఇష్టం వచ్చిన వేగంతో నడిపితే 55 మందీ కన్ను మూసి తెరిచేలోగా కిందికి దిగిపోతారు. కొత్త యంత్రం పని కట్టుకుని నెమ్మదిగా నడవాలి. పాటలో స్వరాలన్నీ సరిగ్గా పలికి తాళం తప్పితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

అలా తాళం తప్పిన పెట్టె నిజంగానే ఒకటి వచ్చింది. 2018 డిసెంబరులో సోనీ కంపెనీ 20 పాత ఆటలతో ప్లేస్టేషన్ క్లాసిక్ విడుదల చేసింది. పాత రోజుల్లో అమెరికా, జపాన్ టీవీలు సెకనుకు సుమారు 60 సార్లు తెర నింపేవి. ఐరోపా టీవీలు, మన దేశపు టీవీలు కూడా, 50 సార్లు నింపేవి. చాలా ఆటలు కాలాన్ని ఈ నింపడాలతోనే లెక్కపెట్టుకునేవి. ఒక గెంతుకు 30 చిత్రాలనుకుంటే, 60 లెక్కన అర సెకను పడుతుంది, 50 లెక్కన 0.6 సెకను పడుతుంది. సోనీ పెట్టెలో టెక్కెన్ 3తో సహా కొన్ని ఆటలకు ఈ నిదానపు ఐరోపా ప్రతులనే పెట్టారు. కుస్తీ ఆటలో సెకనులో పదో వంతు అంటే తక్కువా? ఆడేవాళ్ళు వెంటనే పసిగట్టారు. వంద డాలర్ల పెట్టె కొద్ది వారాలలోనే 60 డాలర్లకు దిగింది. బొమ్మలు మసకగా ఉన్నా సహిస్తారు కాని గెంతు బరువెక్కితే చేతికి తెలిసిపోతుంది.

కొన్ని ఆటలకు టీవీ మారడమే శాపమైంది. డక్ హంట్ అని బాతులను వేటాడే ఆట ఉండేది. దాని ప్లాస్టిక్ తుపాకీ గుండు పేల్చదు, వెలుగును చూస్తుంది. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడుతుంది. మరుక్షణం బాతు ఉన్న చోట తెల్లని చదరం మెరుస్తుంది. తుపాకీ గొట్టంలోని కన్నుకు ఆ తెలుపు కనిపిస్తే గురి తగిలినట్టు. పాత గాజు గొట్టపు టీవీ వచ్చిన చిత్రాన్ని వచ్చినట్టే వేసేది. ఇప్పటి పలచని టీవీ చిత్రాన్ని కాసేపు దాచుకుని, మెరుగులు దిద్ది, తర్వాత చూపుతుంది. ఆ కాసేపు సెకనులో కొన్ని వందో వంతులే. కాని తుపాకీ చూసే క్షణంలో తెర ఇంకా చీకటిగానే ఉంటుంది. బాతు బతికిపోతుంది! నెస్ క్లాసిక్‌లోని 30 ఆటలలో డక్ హంట్ లేదు.

అసలు బాధ అంతకన్నా పెద్దది. అమ్ముడుపోతాయన్న పేరున్న ఆటలనే మళ్ళీ మళ్ళీ బయటికి తెస్తున్నారు. మిగిలినవి? అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అనే సంస్థ 2023లో లెక్క తీసింది. 2010కి ముందు ఆ దేశంలో విడుదలైన ఆటలలో నూటికి 87 ఇప్పుడు బజారులో దొరకవు. నెట్ ద్వారా అమ్మే దుకాణాలూ శాశ్వతం కాదు. నింటెండో తన వీ యంత్రపు దుకాణాన్ని 2019 జనవరిలోనూ, వీ యు, 3డిఎస్ యంత్రాలవి 2023 మార్చిలోనూ మూసేసింది. అచ్చు ఆగిపోయిన పుస్తకం కావాలంటే గ్రంథాలయానికి వెళతాం. బజారులో లేని పాత ఆటలను పరిశోధకులు దూరం నుంచి నెట్ ద్వారా పరిశీలించేందుకు గ్రంథాలయాలకు అనుమతి ఇవ్వమని అమెరికా కాపీరైట్ కార్యాలయాన్ని అడిగారు. 2024 అక్టోబరులో ఆ కార్యాలయం కాదన్నది. సరదాకు ఆడుకుంటారని, అమ్మకాలు దెబ్బతింటాయని కంపెనీల వాదన. అమ్మని సరుకుకు అమ్మకం ఎలా దెబ్బతింటుందో నాకు మాత్రం బోధపడలేదు.

మీ స్నేహితుడి ఇంట్లో ఖరీదైన కన్సోల్ ఉండవచ్చు. 2021లో మన దేశంలో ప్లేస్టేషన్ 5 విడుదలైనప్పుడు దాని ధర 49,990 రూపాయలు. మన ఇంట్లో లేదే అని మీరు చిన్నబుచ్చుకోనక్కరలేదు, అమ్మానాన్నలను పీడించనూ అక్కరలేదు. టెట్రిస్ ఆడడానికి మామూలు ఫోను చాలు. ఆడేటప్పుడు చిన్న పరీక్ష చేయండి. తెరను నలుపు తెలుపుకు మార్చే సదుపాయం చాలా ఫోనులలో ఉంటుంది. మీకు నచ్చిన ఆట ఏదైనా ఒక పావుగంట అలా ఆడండి. అప్పటికీ వదలబుద్ధి కాకపోతే ఆ ఆట తయారుచేసినవాడికి పని తెలుసు.

మీ అమ్మానాన్నలు చదువుకునే రోజుల్లో, 1990లలో, మన ఊళ్ళలో కూడా టీవీకి తగిలించే ఆట యంత్రాలు అమ్మేవారు. చాలావరకు జపాను యంత్రానికి అనుమతి లేని నకళ్ళే. క్యాసెట్టు మీద 9,99,999 ఆటలని అచ్చువేసేవారు కాని లోపల చూస్తే అవే కొన్ని తిరిగి తిరిగి వచ్చేవి! అలాంటిది ఒకటి మీ అటక మీద ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి. ఆడించి చూడండి. క్యాసెట్టు పట్టకపోతే వెనకటివాళ్ళలా దాని మూతిలో ఊదకండి. నోటి తడికి లోపలి లోహపు పట్టీలు పాడవుతాయి. పొడి గుడ్డతో మెల్లగా తుడిచి మళ్ళీ పెట్టండి.